జంట గురుతులు: గంగిరెద్దు మొదలు గుణింతము వరకు



రైలుబండి నడుపువానికి పసుపుపచ్చని దీప మొక్కటి కనబడినచో ఒక అర్థము. అట్టివే రెండు దీపములు ఒకదానిపై నొకటి కనబడినచో వేఱొక అర్థము. ఒక్క పసుపు దీపము ‘ముందున్న సిగ్నలు వద్ద నిలుచుటకు సిద్ధపడి సాగుము’ అని చెప్పును. రెండు పసుపు దీపములు ‘ముందున్న సిగ్నలును తగ్గించిన వేగముతో దాటుటకు సిద్ధపడి సాగుము’ అని చెప్పును. రంగు ఒక్కటే, కూర్పు వేఱు. బిలాస్‌పూర్ రైలుపట్టణమున, సిర్గిట్టి ప్రాంతమున కాపురమున్న తెలుగు కుటుంబములలో ఈ సంగతి వినని యిల్లు అరుదు. అయితే ఇందులో నొక సొగసున్నది. రెండు పసుపు దీపములలో ఒకటి ఆరిపోయినదనుకొందురు గాక. మిగిలినది ఒక్క పసుపు. అనగా కూర్పులో ఒక భాగము లోపించినప్పుడు డ్రైవరునకు అందు వార్త మునుపటికంటె ఎక్కువ జాగ్రత్తను కోరునదే యగును. ఈ యేర్పాటును ఆలోచించిన యింజనీర్లు యంత్రమునే గాక మనుష్యుని కన్నును గూడ ఎఱిగినవారని ఒప్పుకొనవలెను.

ఇంకొకటి. స్టేషను చేరువలో ఎఱ్ఱదీపము క్రింద చిన్న పసుపు దీపము వెలుగు ‘కాలింగ్ ఆన్’ సిగ్నలు కలదు. ఎఱుపు ఒక్కటే యున్నచో బండి నిలువవలెను. ఆ ఎఱుపు ఆరకుండగనే దాని క్రింద ఆ చిన్న పసుపు వెలిగినచో, నిలిచిన పిమ్మట మెల్లగా, జాగ్రత్తగా ముందునకు సాగవచ్చును. ఎఱుపునకు గల అర్థమును దాని ప్రక్కనున్న దీపము మార్చివేసినది. విడిగా నున్న గురుతు చెప్పు మాట ఒకటి, జతగా నున్న గురుతు చెప్పు మాట మఱొకటి. మనుష్యులు నియమావళిని చదివి, పరీక్ష నిచ్చి దీనిని నేర్చుకొందురు. పుస్తకము లేని పశువులు, పక్షులు, పురుగులు ఇట్టి జంట గురుతులను ఎట్లు నేర్చుకొనుచున్నవి? ఈ ప్రశ్న వినోదమునకు మాత్రమే పుట్టినది కాదు. ఇది తిరిగి తిరిగి తుదకు సిర్గిట్టిలోని యిండ్లలో తెలుగు అక్షరములు దిద్దు పిల్లలవద్దకే వచ్చును.

రైల్వేవారి సభలో జంతువుల ప్రసక్తి వచ్చినప్పుడు జాక్ అను కోతిని తలచుకొనక తప్పదు. దక్షిణాఫ్రికాలోని యూటెన్‌హేగ్ స్టేషనులో జేమ్స్ వైడ్ అను సిగ్నల్‌మాన్ ప్రమాదములో రెండు కాళ్లును పోగొట్టుకొనెను. ఆయన 1881 ప్రాంతమున జాక్ అను బబూన్ జాతి కోతిని కొని, తోడు పెట్టుకొనెను. వచ్చు ఇంజను వేయు కూతల సంఖ్యను బట్టి ఏ లీవరు లాగవలెనో ఆ కోతి నేర్చుకొని, 1890లో చనిపోవువరకు పని చేసెను. దాని పుఱ్ఱె గ్రాహమ్స్‌టౌన్‌లోని ఆల్బనీ ప్రదర్శనశాలకు చేరినది. జాక్ నేర్చినది చెవికి సంబంధించిన గురుతు; నేటి ప్రసంగము కంటికి సంబంధించినది. అయినను అది సిగ్నల్ క్యాబిన్‌లో పనిచేసిన ప్రాణి గనుక దానికి నమస్కరించి ముందునకు పోవుట మర్యాద.

తెలుగునాట పశువునకు గురుతులు నేర్పిన విద్యలలో మిక్కిలి ప్రసిద్ధమైనది గంగిరెద్దుల విద్య. సంక్రాంతి పండుగ దినములలో రంగురంగుల బొంతలు కప్పి, కొమ్ములకు కుచ్చులు కట్టి, మెడలో మువ్వలు వేసి, సన్నాయియు డోలును వాయించుచు గంగిరెద్దులవారు ఇంటింటికి వత్తురు. ‘అమ్మగారికి దండము పెట్టు’ అనగనే బసవన్న తల వంచును. ‘అయ్యగారు చల్లగా ఉండవలెనా’ అని అడిగిన తల ఊపును. ముంగాలెత్తును, మోకరిల్లును. చూచు పిల్లలు ఎద్దునకు తెలుగు వచ్చునని నిశ్చయించుకొందురు. పెద్దలలో కొందఱు ‘త్రాడు లాగుచున్నాడు, అంతే’ అని పెదవి విఱతురు. ఈ రెండు తీర్పులును తొందరపాటువే.

ఎద్దునకు ఆ క్షణమున అందుచున్న గురుతులు ఎన్ని? మాట యొకటి. డోలు దెబ్బ యొకటి. ముక్కుత్రాటి కదలిక యొకటి. చేతికఱ్ఱ ఎత్తు యొకటి. ఆడించువాని నడుము వంపు, మొగము త్రిప్పుట మఱియొకటి. వీనిలో దేనికి తల వంచుచున్నది? కొన్నిటి కలయికకా? ఎద్దు కన్నులు తలకు ఇరుప్రక్కల నుండుటచేత మెడ త్రిప్పకుండగనే చుట్టుప్రక్కల చాలభాగమును అది చూడగలదు. ప్రక్కన నిలిచిన మనుష్యుని చిన్న కదలిక సయితము దానికి కనబడును. రంగుల విషయములో మాత్రము అది మనుష్యునితో సమానము కాదు. మనుష్యుని కంటిలో రంగులను గ్రహించు కణములు మూడు విధములుండగా, పశువుల కంటిలో రెండు విధములే కలవు. కాబట్టి గంగిరెద్దుపై కప్పిన ఎఱ్ఱని బొంత చూపఱుల కన్నులకు పండుగయే గాని, ఎద్దునకు ఆ యెఱుపు ఆ యెఱుపుగా తోచదు.

ఇట్టి చిక్కు ప్రశ్నను విడదీసిన కథ జర్మనీలో నడచినది. బెర్లిన్ నగరమున విల్‌హెల్మ్ ఫాన్ ఓస్టెన్ అను ఉపాధ్యాయుని యొద్ద హాన్స్ అను గుఱ్ఱముండెను. కూడిక, తీసివేత, తేదీ, గడియారము ఏది యడిగినను డెక్కతో నేలను తట్టి అది సమాధానము చెప్పెడిది. 1904లో పండితులు, జంతువుల నెఱిగినవారు కూడి పరీక్షించి, ఇందులో మోసమేమియు లేదనిరి. నిజమే, మోసము లేదు. కాని ఆస్కర్ ఫుంగ్‌స్ట్ అను యువకుడు ఓపికతో పరీక్షలు సాగించి 1907లో అసలు సంగతి వెల్లడించెను. ప్రశ్న అడుగువానికి సమాధానము తెలియనిచో గుఱ్ఱమునకును తెలియదు. అడుగువానిని గుఱ్ఱము చూడలేకపోయినచో సమాధానము తప్పును. ప్రశ్న వేసినవాడు గుఱ్ఱపు కాలివైపు చూచుటకు తల కొంచెము వంచును. అది మొదలుపెట్టుటకు గురుతు. సరియైన సంఖ్య రాగానే తనకు తెలియకయే తల రవంత ఎత్తును. అది ఆపుటకు గురుతు. ఈ రహస్యమును కనిపెట్టిన పిమ్మట ఫుంగ్‌స్టునకు గూడ తన తల కదలికను పూర్తిగా అణచుకొనుట కష్టమైనదట! లెక్కలు చెప్పుటకంటె ఎదుటివాని మనస్సు నతని మెడనుండి చదువుటయే గొప్ప విద్య కాదా?

గంగిరెద్దు విద్యను చిన్నబుచ్చుటకు ఈ కథను వాడుట న్యాయము కాదు. ఆడించువాడు ఏయే గురుతుల నిచ్చుచున్నాడో తానే పూర్తిగా ఎఱుగకపోవచ్చును. తండ్రి చేసినట్లు చేయుచు, ఎద్దు తప్పినప్పుడెల్ల దిద్దుచు వచ్చును. ఎద్దు మాత్రము తనకు తోచిన గురుతును ఏఱుకొనును. నేర్పువాడు నేర్పితిననుకొన్నది ఒకటి, నేర్చినది నేర్చుకొన్నది మఱొకటి కావచ్చును. ఈ ప్రసంగమునకు వెన్నెముక యీ మాటయే.

దీనిని సూటిగా చూపిన పరీక్ష 1961లో అమెరికాలో జరిగినది. రేనాల్డ్స్ అను శాస్త్రజ్ఞుడు రెండు పావురములను తీసికొనెను. ఎఱ్ఱని మీటపై తెల్లని త్రికోణము కనబడినప్పుడు ముక్కుతో పొడిచినచో గింజలు లభించును. పచ్చని మీటపై తెల్లని వృత్తము కనబడినప్పుడు ఎంత పొడిచినను ఏమియు రాదు. రెండు పావురములును చక్కగా నేర్చుకొన్నవి. బయటనుండి చూచువారికి రెంటికిని భేదమే కనబడదు. అప్పుడు ఆయన కూర్పును విడదీసెను. ఎఱుపును ఒకసారి, త్రికోణమును ఒకసారి, పచ్చను, వృత్తమును వేఱువేఱుగా చూపెను. ఒక పావురము ఎఱుపునే పొడిచి, త్రికోణమును ఇంచుమించుగా పట్టించుకొనలేదు. రెండవది త్రికోణమునే పొడిచి ఎఱుపును విడిచినది. గురువు ఒక్కడే, పాఠ మొక్కటే, ఫలిత మొక్కటే. ఒక శిష్యురాలు రంగును చదివినది. రెండవది ఆకారమును చదివినది. పరీక్షలో ఇద్దఱికిని నూటికి నూఱు మార్కులు! ఉపాధ్యాయవృత్తిలో నున్నవారు ఈ రెండు పావురములను జ్ఞప్తియం దుంచుకొనిన చాలును.

రష్యాలో పావ్‌లోవ్ పండితుడు కుక్కలతో చేసిన పరీక్షలలో అంతకుముందే ఇట్టి విషయమును గమనించెను. రెండు గురుతులను కలిపి చూపి ఆహారము పెట్టుచుండినచో, వానిలో బలమైనది బలహీనమైన దానిని మఱుగుపఱచును. బలహీనమైన గురుతును విడిగా చూపినచో కుక్క నోట నీరూరదు. పెండ్లివారింట మైకు మ్రోగుచుండగా ప్రక్కవాని మాట వినబడనట్లే యిది. కాని ఇక్కడ గమనింపదగిన దేమనగా, మైకు ఆగిన పిమ్మట గూడ ఆ ప్రక్కవాని మాట నేర్చుకొనబడినది కాదు.

ఇంకను విచిత్రమైనది కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయమున లియాన్ కామిన్ చేసిన పరీక్ష. ఆయన 1968, 1969 సంవత్సరములలో దీనిని ప్రకటించెను. ఎలుకలకు మొదట ఒక రొద వినిపించి, వెంటనే స్వల్పమైన విద్యుద్ఘాత మిచ్చుచు వచ్చెను. రొద విన్నంతనే ఎలుక భయపడుట నేర్చినది. పిదప రొదతో కూడ దీపమును వెలిగించి, అదే ఘాత మిచ్చెను. ఇట్లు పలుమార్లు జరిగిన తరువాత దీపము నొక్కదానినే వెలిగింపగా ఎలుకకు భయ మించుమించుగా లేదు. మొదటినుండి రొదను దీపమును కలిపి నేర్చిన వేఱొక ఎలుకల గుంపు దీపమునకు భయపడినది. భేద మెక్కడ? మొదటి గుంపునకు రొద వలననే రాబోవునది తెలిసియున్నది. దీపము క్రొత్త వార్త నేమియు తీసికొని రాలేదు. వార్త లేని గురుతును మనస్సు నమోదు చేసికొనదు. 1972లో రెస్కోర్లా, వాగ్నర్ అను ఇద్దఱు పండితులు దీనిని లెక్కగా కట్టి చూపిరి: అనుకొన్నదానికిని జరిగినదానికిని ఎంత తేడా యున్నదో అంతమేరకే ప్రాణి నేర్చుకొనును, ఆ తేడాను అప్పుడు కనబడుచున్న గురుతులన్నియు పంచుకొనును. పాత గురుతు ముందే ఆస్తి నంతయు అనుభవించుచుండగా క్రొత్తగా వచ్చిన దానికి వాటా ఏమి మిగులును?

ఇంతవరకు చెప్పినది భాగములు పోటీపడు విధము. సిగ్నలు దీపముల సమస్య దీనికంటె గట్టిది. ‘క’ అను గురుతు కనబడిన తిండి దొరకును. ‘చ’ అను గురుతు కనబడినను దొరకును. రెండును కలిసి కనబడినచో మాత్రము దొరకదు. ఇక్కడ భాగములను కూడిన లాభము లేదు. మంచి, మంచి కలిసిన మఱింత మంచి కావలెను గదా! ఈ చిక్కును విప్పవలెనన్న జంటను జంటగా, మూడవ వస్తువుగా గుర్తుపట్టవలెను. ఇండ్లలో పెంచు కుక్కల నడవడిలో దీని ఛాయ కనబడును. యజమాని చెప్పులు తొడుగుకొని గొలుసు చేతబట్టెనా, తోక ఊపుచు ముందు దూకును. అవే చెప్పులు తొడుగుకొని అన్నపు క్యారియరు చేతబట్టెనా, గడప దగ్గఱ ముడుచుకొని పండుకొనును. అవే చెప్పులు; ప్రక్క వస్తువు మారినది. రాత్రి డ్యూటీకి పోవువారి యిండ్లలోని కుక్కలకు టార్చిలైటునకు గూడ ఒక యర్థ ముండును.

ఇట్టి విద్య పెద్ద మెదడు గల జంతువులకే తగునని చాలకాలము నమ్మిరి. తేనెటీగ ఆ నమ్మకమును చెఱిపినది. తేనెటీగలకు రంగులు తెలియునని 1914లో కార్ల్ ఫాన్ ఫ్రిష్ పండితుడు నిరూపించెను. ఆయనకు 1973లో నోబెల్ బహుమాన మిచ్చిరి. రంగు కాగితములపై గిన్నెలు పెట్టి, ఒక రంగుపై మాత్రమే తీపినీరు పోసి, ఈగ ఆ రంగునకే తిరిగి వచ్చుట చూపిన పరీక్ష యది. తరువాతి తరమువారు మార్టిన్ గ్యుర్ఫా మొదలైనవారు ఇంకొక మెట్టెక్కిరి. రెండుగా చీలు దారి ముఖద్వారమున నీలిరంగు కనబడినచో లోపల నీలిరంగు వైపునకు, పసుపు కనబడినచో పసుపు వైపునకు పోవుట ఈగలు నేర్చినవి. పిదప రంగులు తీసివేసి గీతల చిత్రములు పెట్టినను ‘ద్వారమున ఏది యున్నదో అదియే’ అను సూత్రమును పాటించినవి. ఇది 2001లో ప్రకటింపబడినది. 2002లో ఆయన సహచరులతో కలిసి, కంటికి కనబడు జంట గురుతులను తేనెటీగలు విడిభాగముల కూడికగా గాక కూర్పునకు కూర్పుగా నేర్వగలవని తెలిపెను. పది లక్షలకు లోబడిన నాడీకణములు గల మెదడు! మనుష్యుని మెదడులో అట్టి కణములు వేలకోట్లు. ఆవగింజకు సాటివచ్చు ఆ మెదడు చేయుచున్న పనిని చూచి గర్వపడవలసినది ఎవరు, సిగ్గుపడవలసినది ఎవరు?

ప్రయోగశాల దాకా పోనక్కఱలేదు. క్వార్టరు పెరటిలో కరివేపచెట్టో నిమ్మచెట్టో యున్నచో చాలును. నల్లని ఱెక్కలపై తెల్లని మచ్చల వరుస గల పెద్ద సీతాకోకచిలుక ఆ యాకులపై గ్రుడ్లు పెట్టుటకు వచ్చును. ఆంగ్లేయులు దీనిని ‘కామన్ మార్మన్’ అనిరి. దీని ఆడవానిలో మూడు వేషములు గలవు. ఒక వేషము మగదానిని పోలియుండును. తక్కిన రెండును తమ జాతివే కాని వేఱు రెండు సీతాకోకచిలుకల వేషములు: ‘కామన్ రోజ్’, ‘క్రిమ్సన్ రోజ్’ అనునవి. ఆ రెండు జాతుల గొంగళిపురుగులు ఈశ్వరి తీగను తిని పెరుగును; ఆ తీగలోని విషము ఒంటబట్టుటచేత పక్షులకు అవి రుచింపవు. ఒకసారి నోట పెట్టి చేదు చవిచూచిన పక్షి మఱల వాని జోలికి పోదు. మార్మన్ జాతి ఆడుది విషము లేనిదే. వేషము మాత్రము విషము గలదానిది. ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ 1865లోనే ఈ జాతి ఆడువాని వేషములను గూర్చి వ్రాసెను. వేషము మార్చు తాళపుచెవి ‘డబుల్‌సెక్స్’ అను ఒక జన్యువులో నున్నదని 2014లో కృష్ణమేఘ్ కుంటే మొదలైన శాస్త్రజ్ఞులు తెలిపిరి.

ఇందులో జంట గురుతుల సంగతి యేమనగా, విషము గల రోజ్ జాతులకు నల్లని ఱెక్కలపై తెలుపు, ఎఱుపు మచ్చలుండుటయే గాక శరీరము గూడ ఎఱ్ఱగా నుండును. మార్మన్ ఆడుది ఱెక్కల మచ్చలను అచ్చముగా దించినది గాని శరీరపు ఎఱుపును దింపలేకపోయినది. దాని ఒడలు నలుపు. కనుక ‘ఎఱ్ఱమచ్చల ఱెక్క’ అను ఒక్క గురుతును నేర్చిన పక్షి రెంటిని విడిచిపెట్టును, మార్మన్ బ్రదుకును. ‘ఎఱ్ఱమచ్చల ఱెక్కయు ఎఱ్ఱని ఒడలును’ అను జంటను నేర్చిన పక్షికి నల్లని ఒడలు గలది మంచి తిండి. ఒక సీతాకోకచిలుక ప్రాణము పక్షి ఎన్ని గురుతులను చదివినదన్న దానిపై వ్రేలాడుచున్నది! పక్షులలో అందఱును పూర్తిగా చదువరులైనచో ఈ వేషము ఈపాటికి మాసిపోయియుండెడిది. అది నేటికిని పెరళ్లలో ఎగురుచుండుటను చూడగా, తొందరలో సగము చదివి ఊరకుండు పక్షులే ఎక్కువయని తలపవచ్చును. చేదునకు భయపడువాడు రెండవసారి పరీక్ష పెట్టడు గదా.

ఇక అక్షరముల కడకు రావలెను. ఫ్రాన్సు దేశమున మార్సెయ్ నగరపు పండితులు 2012లో ఒక విచిత్రమైన పరీక్షను ప్రకటించిరి. ఆఱు బబూన్ కోతులకు తెఱపై నాలుగు అక్షరముల వరుసను చూపుదురు. అది ఆంగ్లభాషలో నిజముగా నున్న మాట యగునా, లేక అర్థము లేని కల్పితమా అన్నదానికి కోతి ఒక గురుతును తాకవలెను, సరియైనచో తిండి. డాన్ అను కోతి ఆఱు వారములలో 308 మాటలను గుర్తుపట్టుట నేర్చినది. కోతికి ఆంగ్లము రాదు. ఒక్కొక్క అక్షరము ఎక్కడ, దేని ప్రక్క వచ్చునో ఆ కూర్పును కన్ను పట్టుకొన్నది. అంతకుముందు చూడని మాటలను గూడ కల్పితములనుండి విడదీయుటలో కోతులు ఊహకంటె మేలుగా నడచినవి. మూడవయేట పలకబట్టిన పిల్లవానితో పోల్చుటకు ఇది చాలును. చదువుటకు ముందు కన్ను చేయవలసిన పని భాషకంటె పురాతనమైనదని తెలియుచున్నది.

తెలుగు లిపి జంట గురుతుల గని. ‘ద’ అను అక్షరమునకు క్రింద చిన్న గీత చేర్చిన ‘ధ’ యగును. ఆ గీతతోపాటు పొట్టలో చుక్క పెట్టిన ‘థ’ యగును. ‘ప’ క్రింద గీత గీచిన ‘ఫ’. ‘చ’ క్రింద గీచిన ‘ఛ’. ఇంతవరకు నడక సులభము. కాని ‘వ’కు కొమ్ము ఇచ్చిన ‘వు’ను, ‘మ’ను పక్కపక్కన పెట్టి చూడుడు. అవే వంపులు, తోక ఎక్కడ తగిలినదన్నదే తేడా. తెలుగునాట పుట్టి పెరిగిన పిల్లలే దీనియొద్ద తడబడుదురు. బయట హిందీ, బడిలో హిందీయో ఆంగ్లమో, ఇంట మాత్రమే తెలుగు వినెడి బిలాస్‌పూర్ పిల్లవానికి ఈ తోక కనబడుటకు ఎంత సాధన కావలెను! 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమునుండి ఈ ప్రాంతమునకు తెలుగువారు పనులకై వచ్చుచునే యున్నారు. మాట తరతరములుగా నిలిచినది. చదువు నిలుచుట మాత్రము ప్రతి యింట మఱల మొదటినుండి మొదలుపెట్టవలసిన పనియైనది. మూడవ తరము పిల్లలు అమ్మమ్మతో తెలుగున గలగల మాటాడుదురు. అమ్మమ్మ వ్రాసిన కార్డును మాత్రము తండ్రిచేత చదివించుకొందురు.

ఇక్కడ పావురముల పాఠము పనికివచ్చును. బాలశిక్ష తెఱచిన ‘ఆ’ ప్రక్క ఆవు బొమ్మ. పిల్లవాడు ‘ఆ, ఆవు’ అని గట్టిగా చదువును. తల్లి మురియును. వాడు చదివినది దేనిని? బొమ్మ పెద్దది, రంగులది, పరిచితమైనది. అక్షరము నల్లనిది, క్రొత్తది. పావ్‌లోవ్ చెప్పిన బలాబలముల ప్రకారము బొమ్మ అక్షరమును మఱుగుపఱచుట సహజము. అమెరికాలో శామ్యూల్స్ అను విద్యావేత్త 1967లో దీనిని చిన్నపిల్లల విషయమున పరీక్షించి చూపెను. మాటలను బొమ్మలతో కలిపి నేర్చిన పిల్లలకంటె బొమ్మలు లేకుండ నేర్చిన పిల్లలు, ఆ మాటలను బొమ్మ లేకుండ చూపినప్పుడు మేలుగా చదివిరి. బొమ్మలన్నియు చింపివేయుమని దీని భావము కాదు. బొమ్మలు లేని పుస్తకమును పిల్లవాడు తెఱవనే తెఱవడు. బొటనవ్రేలితో బొమ్మను మూసి అక్షరమును ముందు చదివించి, పిదప వ్రేలు తీసి బొమ్మను బహుమానముగా చూపవచ్చును. బొమ్మ గురుతుగా నుండుటకంటె పావురమునకు గింజవలె నుండుట మేలు.

హాన్స్ గుఱ్ఱము గూడ ఈ యింటిలో నున్నది. తల్లి ‘ఇదేమి?’ అని అడుగుచు పెదవులను ఆ ధ్వనికి తగినట్లు ముందే సిద్ధము చేయును. పిల్లవాడు పుస్తకము వైపు చూడడు. అమ్మ పెదవుల వైపు చూచును. ‘మ’ కు పెదవులు మూసికొనును, ‘ఆ’ కు తెఱచుకొనును. ఇంతకంటె సులభమైన గురుతు వేఱొకటి యున్నదా? వీనికి అన్ని అక్షరములు వచ్చునని ఇంటిల్లిపాదియు నమ్ముదురు. బడి సెలవులలో ఊరినుండి వచ్చిన పెదనాన్న, తన కెదురుగా గాక ప్రక్కన కూర్చుండబెట్టుకొని అడిగిన నాడు గుట్టు బయటపడును. ఆ నాడు పిల్లవానిని కొట్టుట అన్యాయము. వాడు మోసము చేయలేదు. ఫాన్ ఓస్టెన్ చేయనట్లే తల్లియు చేయలేదు. వాని వెనుక నిలువబడి అడిగిన, అక్షరము తప్ప వేఱు గురుతు మిగులదు.

కామిన్ ఎలుకలకు సరిపోవు సందర్భము రైలుబండిలోనే దొరకును. బిలాస్‌పూర్ నుండి రాయపూర్, టిట్లాగఢ్, రాయగడ మీదుగా విజయనగరము వైపు పోవునప్పుడు, ఒడిశా సరిహద్దు దాటి పార్వతీపురము రాగానే స్టేషను పలకపై తెలుగు అక్షరములు దర్శన మిచ్చును. పెద్దలకు అప్పటికి కడుపు నిండినట్లుండును. పలకపై తెలుగు పైన. క్రింద హిందీ, ఆంగ్లము. పిల్లవాని కన్ను తిన్నగా హిందీ వరుసకు దిగును. ఊరి పేరు వానికి తెలిసిపోయెను. ఇక పై వరుస క్రొత్త వార్త నేమియు తేదు. ఇట్లు ఏటేట సెలవులకు పోయి వచ్చుచు, ఆ తెలుగు వరుసను వంద సారులు చూచియు ఒక్క అక్షరమైనను నేర్వకుండుట అసాధ్యము కాదు. రొద వచ్చిన ఎలుకకు దీపము కనబడుచునే యుండెను గదా.

పలకపై హిందీ వరుసను మూయుటకు ఎవరికిని అధికారము లేదు. కిటికీ ప్రక్క కూర్చున్న తండ్రి తన చేతిని పిల్లవాని కంటికి అడ్డుగా, ఆ వరుస మఱుగగునట్లు పట్టవచ్చును. లేదా పార్వతీపురము తరువాత వచ్చు స్టేషనుల పేర్లను ఇంటివద్దనే ఒక కాగితముపై తెలుగున మాత్రమే వ్రాసి, ఒక్కొక్కటి వచ్చినప్పుడు పలకపై పై వరుసతో పోల్చి గురుతు పెట్టుమనవచ్చును. అందుకు బొబ్బిలి మేలైన ఊరు. మూడే యక్షరములు, ‘బ’ రెండుమారులు వచ్చును, ఒకదానికి ఒత్వము, రెండవదానికి గుడియు క్రింద ఒత్తును. అదే యక్షరము, ప్రక్క గురుతులు వేఱు. బండి అక్కడ ఎక్కువసేపు నిలువదు గనుక కాగితము ముందే చేత నుండవలెను.